అచ్చు తప్పిన తెర

"క్రాన్ ఎక్కడ బైకె?"

గుమ్మంలో నిలబడ్డ మనిషి అడిగింది ఇదీ. నాకు వినబడింది మాత్రం, "ఎక్రాన్ ఎక్కడ?" అని. ఒక్క అచ్చు తేడా. ఆ రోజు నేను చూసిన రోతంతా ఆ అచ్చు జారిపడిన చోటు నుంచే పారింది. పారింది అని మాటవరసకి అనడం లేదు, నిజంగానే పారింది.

మా కిర్గిజ్ ఊళ్ళలో ఎక్రాన్ అంటే సినిమా తెర. క్రాన్ అంటే కుళాయి. రెండు మాటలూ రష్యావాళ్ళు వదిలిపోయినవే; అన్నా అని పిలిచే బైకె ఒక్కటే మాది. తెర మాసింది, కుళాయి తుప్పుపట్టింది, మాటలు మాత్రం చెక్కుచెదరలేదు.

అతను అడిగే సమయానికి నేను మోకాళ్ళ మీద ఉన్నాను. చేతులకు తెల్లటి నూలు తొడుగులు, కాళ్ళకు ఉత్త మేజోళ్ళు. స్టేజీకీ మొదటి వరసకీ మధ్య ఉన్న ఖాళీలో ఉతికిన దుప్పట్లు పరిచి, వాటి మీద కొత్త తెర విప్పాను. తొమ్మిది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు. పదకొండేళ్ళు అర్జీలు పెడితే బిష్కెక్ నుంచి లారీలో వచ్చింది. దాని అంచు పొడుగునా ఇత్తడి రింగులు కొట్టిన కన్నాలు, మొత్తం నూట డెబ్బై రెండు. ఒక్కో కన్నంలో తాడు దూర్చి, వెనకున్న ఇనప చట్రానికి చుట్టి, పక్క కన్నంలోకి తెచ్చి, అలా బూటుకి లేసు కట్టినట్టు చుట్టూరా కట్టుకుంటూ పోవాలి. బూటుకి పన్నెండు కన్నాలే ఉంటాయి. అవే నేను సగం రోజులు కట్టను.

తెర ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు ఒకసారి అంటితే ఇక పోదు. ప్రతి నాయిక చెంప మీదా నా బొటనవేలి ముద్ర కనబడుతుంది, మగాళ్ళంతా నన్ను అనుమానిస్తారు.

పట్టణ మరమ్మతుల ఆఫీసుకి సోమవారమే ఫోన్ చేశాను. పాతది తీసి కొత్తది బిగించాలి, నలుగురు మనుషుల్ని పంపండి, బిగించాక కమిషన్ వచ్చి చూడాలి అని చెప్పాను. ఆ కమిషన్ సంగతి చెప్పాలి. గురువారం సాయంత్రం అయిదు లోపల మా తుల్పార్ హాల్లో సరైన తెర ఉన్నట్టు కమిషన్ సంతకం పెట్టకపోతే, హాలు పెళ్ళి విందుల కాంట్రాక్టరు చేతికి పోతుంది. కుర్చీలు పీకి బల్లలు వేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా నేను బొమ్మ వేస్తున్న గదిలో వంటపాత్రలు పెడతారు. ఆ రోజే గురువారం. అప్పటికి రెండున్నర.

నలుగురు రావలసిన చోట ఒకడొచ్చాడు. పేరు కెనెష్ అన్నాడు. భుజాన సంచి, చేతిలో పెద్ద రెంచి, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు.

"మిగతా ముగ్గురేరి?" అన్నాను.

"ఏ ముగ్గురు? దీనికి నేనొక్కణ్ణి చాలు బైకె. ఇరవై నిమిషాల పని."

"ఇరవై నిమిషాలా? ఇంతకు ముందెప్పుడైనా బిగించావా?"

"ఈ వారంలోనే పదకొండు బిగించా."

మా జిల్లా మొత్తానికి సినిమా హాలు ఒక్కటే. పదకొండు తెరలు ఎక్కడ బిగించి ఉంటాడని నేను ఆలోచించాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే అతని పెదవి మీంచి ఒక తొక్క, తడి తొక్క, ఎగిరి నా దుప్పటి అంచున వాలింది. నా బుర్ర దాని మీదికి పోయింది.

"ముందు ఆ గింజలు జేబులో పెట్టు. ఇంకో తొక్క పడితే నిన్ను తొక్కుతాను."

"సరే సరే. పాతది ముందు తీసెయ్యనా?"

"తీసెయ్. వరండాలో ఎడమ పక్క. వాసన పట్టుకుని పో, అదే దారి చూపిస్తుంది."

నేనన్నది పాత తెర గురించి. పొద్దున దాన్ని దించి చుట్టి వరండాలో పడేశాం. నలభై ఏళ్ళు దాని ముందు నాయికలు నవ్వారు, వెనక పావురాలు రెట్టలేశాయి. ముందు నవ్వు, వెనక పువ్వు, కింద కొవ్వు. కొవ్వెందుకంటే, ఒక చలికాలం హాలుని పెళ్ళిళ్ళకిచ్చారు. తెర ముందే పొయ్యి పెట్టి గొర్రెల్ని ఉడికించారు. ఆ కొవ్వు తెర కింది భాగాన పొరకట్టి ఉండిపోయింది. గోటితో గీస్తే గోట్లోకి వస్తుంది. నడుమ ఎవడో విలన్ మీద విసిరిన పుల్లటి గుర్రప్పాల చార ఒకటి. విలన్ వెళ్ళిపోయాడు, పాలు ఉండిపోయాయి. పొద్దున దాన్ని మోసిన చొక్కా నేను విప్పి చెత్తలో పారేశాను, ఉతకడానికి ఇంటికి తీసుకెళ్ళే ముఖం లేక.

అదే వరండాలో, అదే ఎడమ పక్క, మరో తలుపుంది. తలుపుండేది అనాలి. అది మరుగుదొడ్డి. మరుగు ఎప్పుడో ఊడిపోయింది, దొడ్డి మిగిలింది. కెనెష్ తన ముక్కుని నమ్మాడు. ముక్కు అతన్ని మోసం చెయ్యలేదు. రెండు కంపుల్లో ఏది పెద్దదో సరిగ్గా అక్కడికే తీసుకుపోయింది.

"వాడి చేతిలో ఆ రెంచి ఎందుకు సూయున్?" అంది ఊల్కాన్ ఎజె. మా టికెట్ల గదిలో కూర్చునే మనిషి. అరవై దాటింది, నా కంటే పదేళ్ళు పెద్దది, ఎజె, అంటే అక్కా, అనకపోతే చెంప పగలగొడుతుంది. పుట్టింటివాళ్ళు మూడు తరాలుగా కంబళి గుడారాలు కట్టేవాళ్ళు. తాడు ఆమె చేతిలో పాములా కాదు, పెంపుడు పిల్లిలా ఉంటుంది. అప్పటికే తెర పై అంచుని పొడవాటి వాసానికి వదులుగా కట్టేసింది. ఆ వాసానికున్న రెండు తాళ్ళు చట్రం పైన గిలకల మీదుగా కిందికి వేలాడుతున్నాయి. నలుగురు లాగితే తెర లేస్తుంది.

"చట్రానికి బోల్టులు బిగిస్తాడేమో ఎజె."

"బోల్టు వాడి బుర్రకి బిగిస్తే మేలు."

అరగంట గడవకముందే వెనక తలుపు దగ్గర చప్పుడైంది. కమిషన్. అయిదింటికి రావలసినవాళ్ళు మూడింటికే వచ్చారు. మా ఆఫీసులు పనికి ఆలస్యంగా, తనిఖీకి తొందరగా వస్తాయి. ముందు ఎసెన్‌గూలొవ్ అనే లావుపాటి పెద్దమనిషి, వెనక ఒక డాక్టరమ్మ, ఆ వెనక ఫైలు మోస్తూ గుమస్తా. ముగ్గురికీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. డాక్టరమ్మ చేతిలో గాజు సీసాలున్న పెట్టె. సినిమా తెర చూడ్డానికి బూట్లెందుకు, సీసాలెందుకు అనిపించింది. మా హాలు నేల గురించి ఊళ్ళో ఉన్న పేరు గుర్తొచ్చి ఊరుకున్నాను.

వాళ్ళు దిగి రాలేదు. వెనక వరస దగ్గరే ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నేను తెర వదిలి లేవలేను. అంచేత అరుచుకున్నాం.

"పాతది ఏం చేశారు?" అన్నాడు ఎసెన్‌గూలొవ్.

"తీయించేస్తున్నానండీ. పచ్చగా అయిపోయింది."

"పచ్చన," అని డాక్టరమ్మ రాసుకుంది. "వాసన ఉండేదా?"

"ఎందుకుండదమ్మా? కుళ్ళిన గుర్రప్పాలు, గొర్రె కొవ్వు, పావురాల రెట్ట."

ఆమె కలం ఆగింది. "అవన్నీ దాంట్లో ఉండగానే జనానికి ఇచ్చారా?"

"నలభై ఏళ్ళు. రోజుకి రెండాటలు."

"రోజుకి రెండు పూటలు," అని గుమస్తాకి చెప్పింది డాక్టరమ్మ. ఆమె ముఖం తెల్లబడింది.

ఎసెన్‌గూలొవ్ గొంతు సవరించుకున్నాడు. "సరే, కొత్తది చూద్దాం. చిల్లులవీ లేవు కదా?"

"లేకపోతే ఎలాగండీ, లక్షల్లో ఉన్నాయి. చిల్లులు పెట్టించే తెప్పించాం."

"పెట్టించి?"

"వెనకాల స్పీకర్లు కదా. చిల్లులు లేకపోతే శబ్దం బయటికి రాదు."

"మా ఇంట్లోదానికి ఒక్క చిల్లూ లేదు," అన్నాడు గుమస్తా, "అయినా శబ్దం తప్ప ఇంకేమీ రాదు."

ఎసెన్‌గూలొవ్ అతని వంక ఒక చూపు చూశాడు. గుమస్తా ఫైల్లోకి దూరిపోయాడు.

"ఇది ఎంతమందికి సరిపోతుందంటారు?"

"మూడొందల మందికి, ఒకేసారి."

"ఒక్కదానితోనా?"

"అందరూ దాని వైపే తిరిగి కూర్చుంటారండీ. అలవాటే."

వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడు వరండాలో లోహం విరిగిన చప్పుడు, దాని వెనకే ఒక బూతు, దాని వెనకే హోరు వినబడ్డాయి. కెనెష్ పరుగున వచ్చాడు. తల నుంచి కాలి దాకా తడిసి, ఆ తడి రంగు ఏమిటో నేను చెప్పదలుచుకోలేదు. చేతిలో తుప్పుపట్టిన కుళాయి తల.

"బైకె, వీధి వాల్వు ఎక్కడ? మరలోనే విరిగింది."

"తెరకి వాల్వేమిటిరా?"

"తెరేమిటి?" అన్నాడు కెనెష్.

అతని కాళ్ళ మధ్య నుంచి అది లోపలికి వచ్చేసింది.

సినిమా హాలు నేల ఎప్పుడూ తెర వైపుకే వాలి ఉంటుంది. వెనకవాళ్ళ మెడ నొప్పి పుట్టకూడదని చేసిన ఏర్పాటు అది. ఆ రోజు మురుగు దాన్ని వాడుకుంది. ఏళ్ళ తరబడి గింజల తొక్కలతో పూడుకుపోయిన దొడ్డి తూము వెనక్కి కక్కింది. గోధుమరంగు నీళ్ళు నడవ మధ్యగా, ఏ తొందరా లేకుండా, సీటు నంబరు తెలిసినవాడిలా దిగి వస్తున్నాయి. మీద తొక్కలు, సిగరెట్ పీకలు, నానిన టికెట్లు, ఒక పిల్లల చెప్పు, ఇంకా నేను చూసీ చూడనట్టు వదిలేసినవి. టికెట్టు లేకుండా హాల్లోకి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను గాని, ఇంత ధీమాగా తెర దగ్గరికి నడిచొచ్చినవాళ్ళని చూడలేదు. చివర, అన్నిటికంటే పల్లంలో, ఉతికిన దుప్పట్ల మీద నా పదకొండేళ్ళ అర్జీ తెల్లగా పడుకుని ఉంది.

"తెర లేపాలి," అన్నాను. గొంతు నాకే వినబడలేదు.

ఊల్కాన్ ఎజెది అందరికీ వినబడింది. "ఏమయ్యా బూట్లవాళ్ళూ, చూస్తూ నిలబడతారేం? ఒకడు వాల్వు కట్టండి, మిగతావాళ్ళు ఇటు రండి. తొడుగు లేని చేత్తో దాన్ని ముట్టుకున్నవాడి వేళ్ళు నా దగ్గరే ఉండిపోతాయి."

"వాల్వు నాకు తెలుసు," అన్నాడు ఎసెన్‌గూలొవ్. ఆ మాటతో అతని బూట్లు బయటికి పరుగెత్తాయి. డాక్టరమ్మ పెట్టె తెరిచి రబ్బరు తొడుగుల కట్ట బయటికి తీసింది. గుమస్తాకిచ్చింది, తనూ వేసుకుంది. కెనెష్‌కి మాత్రం రెండు జతలిచ్చి, "నువ్వు తాడే పట్టుకో, ఇంకేదీ పట్టుకోకు, నన్ను అసలే పట్టుకోకు," అంది.

లాగాం. ఒక తాడు మీద నేనూ డాక్టరమ్మా, ఇంకో తాడు మీద కెనెషూ గుమస్తా. ఊల్కాన్ ఎజె నిచ్చెన మీద నుంచి, "ఎడమ ఎక్కువైంది. ఆగండి. కుడి. కుడి అంటే తినే చెయ్యి, రాసే గుమస్తా," అని అదిలిస్తోంది. వాసానికి వేలాడుతూ తెర లేచింది. అది లేస్తుండగా నీళ్ళు దుప్పట్లని చేరాయి. నా మేజోళ్ళలోకి చల్లగా, జిగటగా ఏదో దూరింది. కింది అంచు ఇంకా జానెడు ఎత్తులో ఉందనగా ఒక అల కుర్చీ కాలికి తగిలి చింది, మూల మీద పడింది.

వాసాన్ని చట్రానికి కట్టేసి, నాలుగు వైపులా మధ్య కన్నాలని ముందు కట్టాం. అక్కణ్ణించి మూలలకి పోవాలి. ఎదురెదురు వైపులు కలిసి నడవాలి, ఒక వైపు ముందుకి పోతే తెర ముడత పడుతుంది. కెనెష్‌కి అడుగు భాగం అప్పగించాం. రెండు నిమిషాల్లో నుదురు మీద పడ్డట్టు పెద్ద ముడత వచ్చింది.

"అలా గుంజుతావేంరా?" అంది ఊల్కాన్ ఎజె. "నీ రెంచి బుద్ధి పోనిచ్చుకోవు గదా. గుర్రానికి జీను ఎప్పుడైనా కట్టావా?"

"కట్టకేం ఎజె. మా నాన్నది గుర్రాల మందే."

"కడుపు పట్టీ ఒక్కసారే బిగించేస్తావా?"

"ఎలా కుదురుద్ది? అది కడుపు ఉబ్బిస్తుంది. ఊపిరి వదిలేదాకా ఆగి మళ్ళీ బిగిస్తాం."

"దీనికీ కడుపుంది. చుట్టూ వదులుగా కట్టుకురా. కాసేపు ఆగు. ఊపిరి వదులుద్ది. అప్పుడు బిగించు."

కెనెష్ తాడు సడలించి మొదటి నుంచి వచ్చాడు. తలకి పూసిన కంపు ఆరి పెచ్చులు కడుతోంది, అతను మటుకు జీను కడుతున్నవాడిలా తెర చెవి దగ్గర ఏదో గొణుగుతూ కట్టాడు. ఇంత రోత మనిషి ఇంత ముద్దుగా పని చెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు. కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కులోకి, పాత మురుగు వాసన నోట్లోకి. ఎసెన్‌గూలొవ్ వాల్వు కట్టి తిరిగొచ్చి, ఎవరూ అడక్కుండానే తొడుగులు వేసుకుని కుడి పక్క పట్టాడు. ఒక చుట్టు వదులుగా, రెండో చుట్టు బిగువుగా.

అయిదుకి పది నిమిషాలుండగా పైకెళ్ళి ఉత్త తెల్ల వెలుగు వేశాను. తెర ముఖాన ఒక్క గీత లేదు. అడుగున కుడి మూల జానెడు గోధుమ మరక మాత్రం ఉంది. దాని మీదికి నల్లగుడ్డ అంచు వస్తుంది, ప్రేక్షకులకి కనబడదు. నాకు కనబడుతూనే ఉంటుంది.

కిందికొచ్చి, "సంతకం పెట్టండి," అన్నాను.

"చాలా బాగా వచ్చింది," అన్నాడు ఎసెన్‌గూలొవ్. అతని ముఖంలో నిజంగానే బాధ కనబడింది. "కాని నా కాగితంలో ఇది లేదు."

గుమస్తా చదివాడు. తుల్పార్ హాల్లో పాత క్రాన్ తీసి కొత్త క్రాన్ బిగించినట్టు, అది సక్రమంగా పని చేస్తున్నట్టు కమిషన్ చూసి సంతకం చెయ్యవలెను. లేనిచో హాలు విందుల కాంట్రాక్టుకి ఇవ్వబడును.

"ఒక కుళాయి కోసం హాలు లాక్కోవడమేమిటని మీకు అనుమానం రాలేదా?" అన్నాను.

"నాది నీళ్ళ శాఖ. పైనుంచొచ్చిన కాగితాన్ని అనుమానించినవాళ్ళనే మా శాఖకి పంపిస్తారు. నేను అలాగే వచ్చాను. రెండోసారి అనుమానిస్తే ఎక్కడికి పంపిస్తారో." కెనెష్ చేతిలోని విరిగిన కుళాయి తలని చూశాడు. "ఇది పని చేస్తోందని ఎలా రాయను?"

వరండాలో అప్పటికే జనం. కొత్త తెర మీద మొదటి ఆట అయిదింటికని వారం నుంచి గోడల మీద రాసి ఉంది. వాళ్ళని తోసుకుంటూ ఒక పెద్దావిడ నీళ్ళల్లోకి దిగింది. చెప్పులు ఒక చేతిలో, కోపం ముఖం నిండా.

"మా వీధిలో నీళ్ళు కట్టేసింది ఎవరు? సూయున్ అంటే ఎవరు? సోమవారం నాకు ఫోన్ చేసి 'ఎ' అని పిలిచిన సంస్కారం లేనివాడు ఎవరు?"

మరమ్మతుల ఆఫీసులో ఫోన్ ఎత్తే బురుల్ ఎజె. ఆమె ముఖం చూడ్డం నాకదే మొదలు.

"ఎజె, నేను మిమ్మల్ని అలా ఎందుకు పిలుస్తాను?"

"ఎందుకో నువ్వే చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం నాది. నాలో సగం వయసు లేనివాడు కూడా ఎజె అంటాడు. నువ్వు ఆ రెండక్షరాల్లో ఒకటి మింగేసి, 'ఎ, క్రాన్ మార్చాలి, నలుగుర్ని పంపించు' అన్నావు. ఒళ్ళు మండింది. కుళాయికి నలుగురెందుకని ముగ్గుర్ని కొట్టేశాను."

"పంపించు అనలేదు, పంపించండి అన్నాను."

"అది వినబడలేదు. 'ఎ' వినబడింది."

ఊల్కాన్ ఎజె నిచ్చెన మీద కూర్చుండిపోయింది. "సూయున్, నువ్వు ఫోన్లో ఏమన్నావో అచ్చంగా అలాగే అను."

"ఎస్కి ఎక్రాన్ అన్నాను. పాత తెర అని."

"గబగబా అను."

అన్నాను. ఎస్కిక్రాన్. మధ్యలో ఉన్న అచ్చు, నా నోట్లోంచి వచ్చిందో లేదో నాకే తెలియలేదు. డాక్టరమ్మ అని చూసింది. గుమస్తా అని చూశాడు. కెనెష్ మూడుసార్లు అన్నాడు, మూడుసార్లూ కుళాయే వచ్చింది. బురుల్ ఎజె ఒక్కతే అనలేదు. పెదాలు కదిపి, లోపల్లోపల అనుకుని, చెప్పులు కింద పెట్టబోయి, నీళ్ళు చూసి మళ్ళీ ఎత్తుకుంది.

"అయితే నాకు మొదట ఫోన్ తీయగానే వినబడిన 'ఎ'?"

"తెరదే ఎజె. 'ఎక్రాన్ గురించండీ' అన్నాను. మీకు ఒకచోట తల తెగి, ఇంకోచోట ఉత్త తల వినబడింది."

ఆమె గుమస్తా చేతిలోంచి కాగితం లాక్కుంది. "ఇది టైపు చేసింది నేను, ముద్ర నాది, తప్పూ నాదే," అంటూ క్రాన్ అన్న రెండు చోట్లా ముందు ఒక్కో అక్షరం చేర్చి, పక్కన పొట్టి సంతకాలు చేసింది. ఎసెన్‌గూలొవ్ కింద పొడుగు సంతకం పెట్టాడు. గోడ గడియారం అయిదు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. అతను కాగితం మీద అయిదుకి రెండు నిమిషాలు తక్కువని వేశాడు. ఈసారి ఎవరూ అనుమానించలేదు.

తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు. ఏమైందని ఒకడు, ఈ కంపేమిటని ఇంకొకడు, డబ్బు వెనక్కివ్వమని నలుగురు. వాళ్ళకి నేను చెప్పబోయాను. బురుల్ ఎజె నన్ను చేత్తో వెనక్కి నెట్టి స్టేజీ ఎక్కింది.

"అందరూ వినండి. ఇతను అడిగింది ఎక్రాన్. నాకు వినబడింది క్రాన్. తెర బిగించేవాళ్ళ బదులు కుళాయి బిగించేవాణ్ణి పంపాను. వాడు దొడ్డిలో కుళాయి విరిచాడు. తెర పైన ఉంది, బాగుంది. ఆ విరిగినదాని తాలూకు మురుగు మాత్రం కింద ఉంది. కూర్చున్నాక కాళ్ళు ఎదుటి కుర్చీ కమ్మీ మీద పెట్టుకోండి."